వాన రాకముందే సగం తోట

ఈసారి గోడ పత్రికలో వ్యవసాయ పాఠం రాస్తున్నం. విషయం: కొత్త పంట కాలానికి ఇంటి కూరగాయల తోటను తయారు చేసుకొనుట. ఇంటితోపాటు హాస్టల్ వెనుక ఉన్న జాగకు కూడా ఇది పనికి వస్తది.

"ఇంకా ఏప్రిల్ నెల పోలేదు, వానలకు ఎంతో టైమున్నది, ఇప్పుడే తోట పాఠం ఎందుకు?" అని కొందరు అడుగుతరు. జవాబు ఒక్కటే. తోట వాన పడ్డనాడు మొదలు కాదు. వాన పడేనాటికి సగం తోట అయిపోయి ఉండాలి. ఆ సగం పని ఏమిటి, ఎవరు ఎప్పుడు చేయాలి అన్నదే ఈ పాఠం.

1. మన సెలవులు – రైతు కార్తెలు

మన బడికి ఏప్రిల్ నాలుగో వారంలో ఎండాకాలం సెలవులు మొదలైతయి. మళ్ళీ తెరిచేది జూన్ 12న. ఇప్పుడు కార్తెల లెక్క చూడండి. (సంవత్సరాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ అయితది.)

కృత్తిక – మే 11 నుంచి
రోహిణి – మే 25 నుంచి
మృగశిర – జూన్ 8 నుంచి
ఆరుద్ర – జూన్ 22 నుంచి
పునర్వసు – జూలై 6 నుంచి

అంటే మనం పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టల్‌కు వచ్చేసరికే మృగశిర వచ్చి నాలుగు రోజులు అయితది. అప్పుడు పార ఎక్కడున్నదని వెతికి, గడ్డి చెక్కి, నేల తవ్వి, ఎరువు ఎవరిస్తరని తిరిగితే మూడు వారాలు పోతయి. పునర్వసు వచ్చేస్తది. అప్పటికి మనం వేయని కలుపు మోకాలెత్తు లేస్తది, మనం వేయాల్సిన బెండ గింజ పొట్లంలోనే ఉంటది.

పైగా వాన మన కోసం ఆగదు. 2023లో నైరుతి రుతుపవనాలు మన రాష్ట్రానికి జూన్ మూడో వారం దాటేదాకా రాలేదు. 2025లో మే ఆఖరి వారంలోనే వచ్చినయి. ముందొచ్చినా వెనకొచ్చినా నేల తయారుగా ఉన్నవాడికి నష్టం లేదు. అందుకే పెద్దలు "అదను చూసి దున్నాలి, పదును చూసి విత్తాలి" అన్నరు. అదను అంటే కాలం, పదును అంటే నేలలో తగినంత తడి. పదును వాన ఇస్తది, అదను మాత్రం మన చేతిలో ఉన్నది.

కాబట్టి పనిని మూడు భాగాలు చేసుకుందాం. మొదటిది సెలవులకు పోకముందు హాస్టల్‌లో, రెండోది మే నెలలో ఇంటికాడ, మూడోది జూన్‌లో తిరిగి వచ్చినంక.

2. ఇంత పట్టుదల ఎందుకు?

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార నియమాలలో, రోజుకు 2000 కిలోకేలరీల తిండి తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలని చెప్పినరు. ఐదుగురున్న ఇంటికి రోజుకు 2 కిలోలు! అంగడి వారానికి ఒక్కసారి జరిగే గూడెంలో ఇది ఎట్ల సాధ్యం? ఆషాఢం, శ్రావణంలో ఇంట్లో ఉన్న పైసలు పత్తి గింజలకు, ఎరువు బస్తాలకు పోతయి. కూరగాయల ధరలు కూడా అప్పుడే పెరుగుతయి. 2023 జూలైలో టమాట కిలో వంద రూపాయలు దాటిన సంగతి అందరికీ గుర్తే. అప్పుడు ఇంట్లో కారం, చింతపులుసు తప్ప ఇంకో కూర ఉండదు.

దాని ఫలితం రక్తంలో కనిపిస్తది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువ ఉన్నవాళ్ళకు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తది, చదువుతుంటే కండ్లు మూతలు పడుతయి. కొందరు దాన్ని సోమరితనం అనుకుంటరు. అది సోమరితనం కాదు, చాలాసార్లు ఇనుము తక్కువ కావడం. ఆకుకూరల్లో ఇనుము ఉంటది. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ తిన్నా ఆ ఇనుము ఒంటికి బాగా పడుతది. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే సరిగ్గా పట్టదు. డాక్టరు ఇచ్చే ఇనుప మాత్రలు మానకూడదు. వాటితోపాటు ఆకుకూర కూడా తినాలి.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని సామెత. ఈ విషయంలో మాత్రం పెరటి మొక్కే మందు.

3. సెలవులకు పోకముందు హాస్టల్‌లో చేసే పని

స్థలం: రోజుకు ఆరు గంటలైనా ఎండ పడే చోటు కావాలి. పెద్ద చెట్టు కింద, గోడ నీడన కాయ కాయదు. నీళ్ళ కుళాయికి, వంటశాలకు దగ్గరగా ఉంటే మంచిది. దూరంగా ఉన్న తోటకు మొదటి వారం అందరూ నీళ్ళు పోస్తరు, రెండో వారం ఎవ్వరూ పోయరు.

మడి కొలతలు: వెడల్పు నాలుగు అడుగులు మించవద్దు. రెండు పక్కల కూర్చుంటే చెయ్యి మధ్యదాకా అందాలి, కాలు మడిలో పడకూడదు. తొక్కిన నేల గట్టిపడి వేరుకు గాలి అందదు. మడికి మడికి మధ్య ఒకటిన్నర అడుగు బాట విడవాలి. బాటలో తవ్విన మట్టిని మడి మీద పోస్తే మడి జానెడు ఎత్తు లేస్తది. మన దిక్కున ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాలలో కాలనీలు మునిగిపోయినయి. అటువంటి ముసురులో చదును మడి చెరువైతది, ఎత్తు మడి బతుకుతది.

తవ్వుడు: గడ్డపారతో అడుగు లోతు తవ్వి పెద్ద పెళ్ళలు అట్లనే వదలాలి. పగులగొట్టవద్దు. మే నెల ఎండకు నేలలో దాగిన పురుగుల గుడ్లు, కోశాలు పైకి వచ్చి మాడిపోతయి. కొన్నిటిని కొంగలు, గోరింకలు ఏరుకొని తింటయి. గరిక వేర్లు ఎండిపోతయి. మొదటి వానకు పెళ్ళలు వాటంతటవే విచ్చుకుంటయి. రోహిణిలో రోళ్ళు పగులుతయంటరు. రోళ్ళు పగిలే ఎండను మనం ఉచితంగా పనికి పెట్టుకోవచ్చు.

ఎరువు గుంత: ఇప్పుడు రాలిన ఆకులు ఊడ్చి కాలబెట్టే అలవాటు ఉన్నది. అది మానాలి. ఆ ఆకే ఎరువు. మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లా మన పాత ఆదిలాబాద్ జిల్లాకు పెన్‌గంగ అవతలే ఉన్నది. అక్కడి పుసద్‌కు చెందిన నారాయణ్ దేవరావ్ పండరీపాండే అనే రైతు ఒక పద్ధతి కనిపెట్టిండు. ఆయన పేరులోని అక్షరాలతోనే దాన్ని నాడెప్ ఎరువు అంటరు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తుతో ఇటుకలతో తొట్టి కట్టాలి. గాలి పోవడానికి గోడల్లో కంతలు విడవాలి. ఒక వరుస ఆకులు, చెత్త. దాని మీద పెండ కలిపిన నీళ్ళు. దాని మీద పలుచగా జల్లించిన మట్టి. ఇట్ల నిండేదాకా వరుస మీద వరుస వేసి పైన మట్టి, పెండతో అలుకాలి. మూడు నాలుగు నెలలకు ఎరువు తయారైతది. ఇటుకలు లేకుంటే వెదురు తడికలతో కట్టినా పనైతది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఏప్రిల్‌లో నింపినది జూన్‌కు మాగదు, ఆగస్టు దాకా పడుతది. కాబట్టి జూన్ మళ్ళకు పాత పెంటకుప్ప అడుగున ఉన్న నల్లటి ఎరువు తెచ్చుకోవాలి. పచ్చి పెండ వేయకూడదు. దానికి చెదలు పడుతయి, లేత వేర్లు మాడుతయి. చేతిలోకి తీసుకుంటే వాసన రాకుండా, చాయపత్తి లెక్క పొడిగా రాలితే అది మాగిన ఎరువు.

మనది టేకు అడవి. టేకాకు పెద్దది, మందం. అట్లనే వేస్తే ఒకదాని మీద ఒకటి పరుచుకొని గాలి ఆగిపోతది. కాళ్ళతో తొక్కి ముక్కలు చేసి వేయాలి.

4. ఆకు ఎరువైతది, ఆకే బొగ్గు కూడా అయితది

ఇక్కడ కొంచెం సైన్సు. మన కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి కింద ఉన్న బొగ్గు కూడా ఒకప్పుడు ఆకులూ మానులే. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏండ్ల కింద ఇక్కడ బురద అడవులు ఉండేవి. గ్లాసోప్టెరిస్ అనే చెట్ల ఆకులు ఆ బురదలో పడ్డయి. ఆ బొగ్గు పొరలున్న రాళ్ళకు శాస్త్రవేత్తలు గోండ్వానా అని పేరు పెట్టినరు. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ మాట వాడిండు. గోండులు ఉండే సీమ అని దాని అర్థం. మన ఇంటి పేరు ప్రపంచంలోని భూగర్భ పుస్తకాలన్నిటిలో ఉన్నదన్న మాట.

మరి ఆ ఆకు బొగ్గు అయింది, మన గుంతలో ఆకు ఎరువు అయితది. తేడా ఎక్కడున్నది? గాలిలో ఉన్నది. అప్పటి ఆకులు నీళ్ళలో మునిగి, గాలి అందక, సూక్ష్మజీవులు పూర్తిగా తినలేక మిగిలిపోయినయి. వాటి మీద మట్టి పడి, కోట్ల ఏండ్లు ఒత్తిడికి, వేడికి బొగ్గయినయి. మన గుంతలో కూడా నీళ్ళు నిలిచి గాలి ఆగితే ఆకు మాగదు, కంపు వాసన వస్తది. పూర్తిగా ఎండినా మాగదు. పిడికిట్లో పట్టి పిసికితే చెయ్యి తడిగా కావాలి, నీళ్ళు కారకూడదు. అదీ లెక్క.

వార్డెన్ సార్లకు ఒక విన్నపం: సెలవుల్లో వాచ్‌మన్ అన్నతో వారానికి రెండుసార్లు నాలుగు బకెట్ల నీళ్ళు గుంత మీద చల్లిస్తే అది ఎండిపోకుండా ఉంటది.

బొగ్గు బెల్టు వాళ్ళు తప్పక తెలుసుకోవలసినవి మూడున్నయి.

ఒకటి: కట్టెల బూడిద వేరు, రాక్షసి బొగ్గు బూడిద వేరు. కట్టెల బూడిదలో పొటాష్ ఉంటది, మొక్కకు మంచిది. రాక్షసి బొగ్గు బూడిదలో మొక్కకు పనికొచ్చేది తక్కువ, తిండిలోకి రాకూడని లోహాలు ఉండవచ్చు. బొగ్గు పొయ్యి బూడిద కూరగాయల మడిలో వేయవద్దు.

రెండు: ఓపెన్‌కాస్టు గుట్టల మట్టి తెచ్చి మడి నింపవద్దు. చూడడానికి మెత్తగా ఉన్నా అది చాలా లోతు నుంచి వచ్చిన మట్టి. అందులో మాగిన ఆకు, వానపాము, ప్రాణం లేవు. ఏండ్ల తరబడి ఆకు రాలిన పైమట్టి జానెడు చాలు.

మూడు: లారీలు నడిచే బాట పక్క ఇళ్ళలో ఆకుల మీద దుమ్ము పడుతది. ఆ పక్కన ఆకుకూర వేయకుండా దడి కట్టి చిక్కుడు, దొండ పాకించాలి. ఆకుకూరను ఎప్పుడైనా మూడు నీళ్ళలో కడగాలి, కడిగినంకనే కోయాలి.

5. మే నెల – ఇంటికాడ

ఇంటికి పోయినంక ఆడుకోవద్దని ఎవరూ అనరు. పొద్దున ఒక గంట చాలు. జూన్‌లో మనం హాస్టల్‌కు వచ్చేస్తం. వానల్లో అమ్మ, నాయిన చేనుకు పోతరు. వాళ్ళకు పెరడు తవ్వే తీరిక ఉండదు. కాబట్టి తవ్వుడు, దడి, పాదులు మనం పూర్తి చేసి వస్తే, వాన పడ్డనాడు అమ్మ గింజ వేస్తే సరిపోతది. చిన్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు మనం ఇచ్చి వచ్చే కానుక అదే.

దడి: మొదలు దడి, తర్వాత తోట. మేకలు, కోళ్ళు ఉన్న గూడెంలో దడి లేకుండా గింజ వేయడం అంటే మేకకు మేత వేయడమే. వెదురు, కంప, పత్తి కట్టె ఏదైనా సరే. దడి వెంట మునగ కొమ్మ రెండు చోట్ల నాటితే అది దడీ అయితది, కూరా అయితది.

పాదులు: సొర, బీర, కాకర, గుమ్మడికి పాదులు కావాలి. ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు గుంత తీయాలి. పైమట్టి ఒక పక్క, కింది మట్టి ఒక పక్క పోయాలి. పదిహేను రోజులు ఎండనిచ్చి, రెండు తట్టల మాగిన ఎరువు, పిడికెడు వేప పిండి పైమట్టితో కలిపి నింపాలి. బీర పాదులకు మధ్య ఐదారు అడుగులు, సొరకు అంతకంటే ఎక్కువ దూరం ఉండాలి.

విత్తనం: అవ్వలను అడగండి. దూలానికి కట్టిన బీరకాయ, సొరబుర్రలో పోసిన చిక్కుడు గింజలు, బూడిద కలిపి కుండలో పెట్టిన బొబ్బర్లు చాలా ఇళ్ళలో ఇంకా ఉన్నయి. గోండు గూడేల్లో విత్తే ముందు గింజలు అకిపేన్ దగ్గర పెట్టి మొక్కుతరు. గింజకు పెద్దలు ఇచ్చిన విలువ అది. ఇంట్లో లేని వాటికి బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. అడిగేటప్పుడు రకం పేరు చెప్పాలి: బెండలో అర్క అనామిక లేక పర్భణి క్రాంతి, బీరలో జగిత్యాల లాంగ్, వంకాయలో భాగ్యమతి లేక శ్యామల, తోటకూరలో ఆర్‌ఎన్‌ఏ-1. ఇవి సూటి రకాలు, వీటి గింజ మళ్ళీ దాచుకోవచ్చు. సంకర రకం పొట్లంలోని గింజ ఒక పంటకే. దాని కాయ నుంచి తీసిన గింజ వేస్తే మొక్కలు ఒక్క తీరుగ రావు.

మొలక పరీక్ష: ఇది తప్పకుండా చేయాలి, ఇదొక ప్రయోగం. 20 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో పరిచి చుట్టి నీడలో పెట్టాలి. గుడ్డ ఎండనీయకూడదు. వారం తర్వాత విప్పి మొలకలు లెక్కించాలి. 20లో 15 మొలిస్తే నూటికి 75. ధ్రువీకరించిన బెండ విత్తనంలో నూటికి 65 మొలకెత్తాలని నియమం. సగం కూడా మొలవకుంటే ఆ గింజను నమ్ముకోవద్దు, లేకుంటే రెట్టింపు వేయాలి. వాన పడ్డంక మొలక రాలేదని ఏడ్చేకంటే మే నెలలోనే తెలుసుకోవడం మంచిది కదా!

నారుమడి: వంకాయ, టమాట, మిర్చి గింజలను నేరుగా మడిలో వేయరు. మే ఆఖరున నారు పోయాలి. మంచమంత జాగ చాలు. వేలు మందం దూరంలో గీతలు గీసి, గింజలు పలుచగా పోసి, మాగిన ఎరువు పొడి చల్లి, ఎండు గడ్డి కప్పి, పొద్దున సాయంత్రం చేతితో నీళ్ళు చిలకరించాలి. మొలక కనబడ్డ రోజే గడ్డి తీసేయాలి. వంకాయ, టమాట నారు 25–30 రోజులకు, మిర్చి నారు 35–40 రోజులకు నాటడానికి వస్తది. అంటే ఆరుద్రకు నాట్లు. కార్తె లెక్క సరిగ్గా కుదురుతది.

6. జూన్ – పదును చూసి విత్తుట

మొదటి వాన పడగానే గింజ వేయవద్దు. ఒక్క జల్లుకు పైమట్టి తడుస్తది, కింద పొడిగానే ఉంటది. గింజ మొలిచి ఎండకు మాడుతది. జానెడు లోతు మట్టి తీసి ఉండ చేయండి. ఉండ కాకుంటే తడి చాలదు. ఉండ అయి, నడుమెత్తు నుంచి వదిలితే పగిలితే పదును సరిపోయింది. పడి ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైంది, ఒకటి రెండు రోజులు ఆగాలి.

లోతు: గింజ లావుకు రెండు మూడింతలు. బెండ, చిక్కుడుకు వేలి మొదటి కణుపు లోతు. తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, దాన్ని పూడ్చవద్దు. చిటికెడు గింజను గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి చేతితో పైపైన కదిలిస్తే చాలు. బెండ, కాకర గింజల తోలు గట్టిది, రాత్రి నానబెట్టి పొద్దున వేయాలి.

దూరం, రోజులు:
తోటకూర – చల్లాలి. 25–30 రోజులకు కోత.
పాలకూర, పుంటికూర – సాలుకు సాలుకు జానెడు. నెల దాటినంక కోత.
బెండ – సాలుకు సాలుకు ఒకటిన్నర అడుగు, మొక్కకు మొక్కకు అడుగు. 45–50 రోజులకు మొదటి కాయ.
గోకర – ఒకటిన్నర అడుగు, జానెడు. 50–60 రోజులు.
బీర – పాదుకు నాలుగు గింజలు, మొలిచినంక రెండు ఉంచాలి. 50–60 రోజులు.
సొర – అట్లనే. 60–70 రోజులు.
వంకాయ – రెండు అడుగులకు ఒకటి. నాటినంక 60–70 రోజులు.
పందిరి చిక్కుడు – ఇప్పుడే వేయాలి, కాయ మాత్రం చలికాలంలోనే. పగలు పొద్దు తగ్గితేనే దానికి పూత వస్తది. తీగ పెరిగింది, పూయలేదని పీకేయవద్దు.

వంకాయ, టమాట, మిర్చి ఒకే కుటుంబం. పోయినసారి ఇవి ఉన్న మడిలో మళ్ళీ ఇవే వేస్తే పాత తెగుళ్ళు పడుతయి. ఆ మడిలో చిక్కుడు, బొబ్బర్లు, గోకర వేయాలి. వీటి వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తయి.

విత్తినంక సాళ్ళ మధ్య ఎండుటాకు కప్పాలి. కలుపు తగ్గుతది, వాన చినుకుకు మట్టి కొట్టుకపోదు, వానపాములు పైకి వస్తయి. చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకం వానపాముల మీదనే రాసిండు, అది 1881లో అచ్చయింది. అంత పెద్ద శాస్త్రవేత్తకు వానపాము చిన్నదిగా కనబడలేదు.

పురుగులకు: జూన్, జూలైలో వేపపండ్లు రాలుతయి. ఏరి గుజ్జు కడిగి నీడలో ఎండబెట్టి దాచుకోవాలి. అర కిలో వేప గింజల పప్పు దంచి, గుడ్డలో కట్టి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పిండి, 10 లీటర్లు చేసి, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాలి. పేనుకు పొద్దున మంచు మీద కట్టెల బూడిద చల్లితే తగ్గుతది. బెండ ఆకు ఈనెలు పసుపు పచ్చగా మారితే అది వైరస్ తెగులు, తెల్లదోమతో పాకుతది. ఆ మొక్కను జాలి లేకుండా పీకి దూరంగా పూడ్చాలి.

7. హాస్టల్ లెక్క

హాస్టల్‌లో 200 మంది ఉన్నరనుకుందాం. ఒక్కొక్కరికి 50 గ్రాముల ఆకుకూర అంటే ఒక పూటకు 10 కిలోలు. మంచి ఎరువు పడిన మడిలో చదరపు మీటరుకు కిలో తోటకూర వస్తదనుకుంటే 10 చదరపు మీటర్లు కావాలి. నాలుగు అడుగుల వెడల్పు మడి అయితే పొడవు సుమారు 27 అడుగులు.

తోటకూర 28 రోజులకు వస్తది, అంటే నాలుగు వారాలు. వారానికి ఒక మడి చొప్పున నాలుగు మళ్ళలో వరుసగా చల్లితే, మొదటి నెల గడిచినంక ప్రతి వారం ఒక మడి కోతకు ఉంటది. ఐదో మడి ఎరువు వేసి విశ్రాంతికి. ఐదు మళ్ళు, మధ్య బాటలు అన్నీ కలిపి 702 చదరపు అడుగులు. ఒక గుంట అంటే 1089 చదరపు అడుగులు. గుంట కూడా పట్టదు!

అన్నీ ఒకే రోజు చల్లితే ఒక వారం అందరికీ మిక్కిలి, మూడు వారాలు ఏమీ ఉండదు. కాబట్టి తేదీలు రాసుకొని చల్లాలి. రోజుకు 400 గ్రాముల లెక్క ముందు వారానికి 50 గ్రాములు చాలా చిన్నదే. అయినా అది మన చేతితో మొదలయ్యేది. కేంద్ర విద్యాశాఖ కూడా 2019లో బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఇది చదువుకు అడ్డం వచ్చే పని కాదు, చదువులో భాగమే.

బియ్యం కడిగిన నీళ్ళు వంట అక్కలు ఒక డ్రమ్ములో పోస్తే మళ్ళకు పోయవచ్చు. కంచాలు కడిగిన సబ్బు నీళ్ళు ఆకుకూరకు వద్దు, అవి అరటి చెట్లకు మళ్ళించాలి.

8. దసరా – విత్తనం

దసరా సెలవుల్లో తోట మళ్ళీ ఒంటరి అయితది. బెండకాయ రెండు రోజులు కోయకుంటే ముదురుతది. పోయే ముందు లేత కాయలన్నీ కోసి వంటశాలకు ఇచ్చి, ప్రతి మడిలో బలమైన రెండు మొక్కలకు గుర్తుగా గుడ్డపీలిక కట్టి, వాటి మీద కాయలు గింజకు వదలాలి. చివరి గిడస కాయలు కాదు, నడి కాపులోని మంచి కాయలు వదలాలి. మనం తిరిగి వచ్చేసరికి అవి ముదిరి ఉంటయి. చెట్టు మీదనే ఎండనిచ్చి, గింజ తీసి నీడలో ఆరబెట్టి, బూడిద, ఎండు వేపాకు కలిపి సీసాలో పోసి, పేరు, నెల, సంవత్సరం రాసిన చీటీ అంటించాలి. వచ్చే ఏడాది తోట ఆ సీసాలోనే ఉంటది.

9. ఈ వారం పని పంపకం (వార్డెన్ సార్ల అనుమతితో)

ఆరో తరగతి – ఆకులు ఊడ్చి గుంత కాడికి చేర్చుట.
ఏడో తరగతి – రాళ్ళు, గాజు ముక్కలు, ప్లాస్టిక్ ఏరుట.
ఎనిమిదో తరగతి – తాడు, మేకులతో మళ్ళు కొలిచి గుర్తు పెట్టుట.
తొమ్మిదో తరగతి – గడ్డపారతో తవ్వుట, ఎరువు గుంత నింపుట.
పదో తరగతి వాళ్ళకు పరీక్షలు కాబట్టి పని లేదు, సలహాలు ఇవ్వవచ్చు!

ప్రతి ఒక్కరూ జూన్ 12న ఇంటి నుంచి ఒక పొట్లం విత్తనం తేవాలి. ఏ కూరగాయ, ఏ ఊరు, ఎవరి ఇంటిది, 20లో ఎన్ని మొలిచినయి అని పొట్లం మీద రాయాలి.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి గోడ పత్రిక డబ్బాలో వేయండి)

1. 20 గింజల్లో 13 మొలిస్తే నూటికి ఎన్ని? ఆ బెండ విత్తనం నియమానికి సరిపోతదా?
2. బెండ, మిర్చి, బీరలో వంకాయ కుటుంబానికి చెందినది ఏది?
3. ఎరువు గుంతలో నీళ్ళు నిలిస్తే ఎందుకు కంపు వస్తది? బొగ్గు పాఠంతో కలిపి రాయండి.
4. మన హాస్టల్‌లో ఉన్న అసలు సంఖ్యతో తోటకూర మడి పొడవు లెక్క కట్టండి.

నాలుగో ప్రశ్నకు సరైన జవాబు రాసినవాళ్ళే ఎనిమిదో తరగతితో కలిసి తాడు పట్టి మడి కొలుస్తరు.